తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్లికూతురి మేకప్: నేర్చుకునేవాళ్ల కోసం మొదటి నుంచి చివరిదాకా

"అక్కా, పెళ్లికూతురి మేకప్ ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి?" వారానికి నలుగురైదుగురు అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామందికి బ్రష్ పట్టడం వచ్చు. వీడియోలు చూసి కంటి మేకప్ వేయడం కూడా వచ్చు. మండపంలో ఆ మేకప్ ఎన్ని దెబ్బలు తింటుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

నలుగు పసుపు, బాసికం, పెద్దవాళ్లు పెట్టే కుంకుమ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, హోమం పొగ, అప్పగింతల ఏడుపు. ఒక్కో తంతూ మొహాన్ని ఒక్కో రకంగా చెరుపుతుంది. ఆ లెక్క ముందే వేసుకుని మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే. అందుకే ఇక్కడ రంగుల కంటే సిద్ధపాటు గురించే ఎక్కువ రాశాను.

## 1. ట్రయల్ రోజు అడగాల్సినవి

ట్రయల్ అంటే పెళ్లి మేకప్‌ను ముందే ఒకసారి వేసి చూడటం. దాన్ని పెళ్లికి కనీసం మూడు వారాల ముందు పెట్టుకోండి. చర్మానికి ఏదైనా పడకపోతే మార్చుకోవడానికి సమయం ఉంటుంది. ఆ రోజు మేకప్ వేయడం ఎంత ముఖ్యమో, ఈ ప్రశ్నలు అడిగి రాసుకోవడం అంత ముఖ్యం.

- ముహూర్తం ఎన్నింటికి? గౌరీ పూజకు ఎన్నింటికి కూర్చోబెడతారు?
- మంగళస్నానం ముందురోజా, ఆ తెల్లవారుజామునా?
- మధుపర్కాలు కట్టుకోవడానికి మధ్యలో లేస్తుందా?
- బాసికం కడతారా? దేనితో చేసింది?
- మండపం ఆరుబయటా, ఏసీ హాలా?
- మొటిమలకు మందులు వాడుతోందా? లెన్సులు పెట్టుకుంటుందా? దేనికైనా ఎలర్జీ ఉందా?

తంతుల వరుస ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో చూసిన వరుసే కరీంనగర్‌లోనూ ఉంటుందనుకుంటే దెబ్బతింటారు. వాళ్ల పురోహితుణ్ణే అడిగి రాసుకోమనండి.

ప్యాచ్ టెస్ట్ మర్చిపోవద్దు. వాడబోయే ఫౌండేషన్, లాష్ (అతికించే రెప్ప వెంట్రుకలు) జిగురు చెవి వెనక చుక్కంత రాసి 24 గంటలు చూడమనండి. లాష్ జిగురుల్లో కొన్నింట్లో లేటెక్స్ ఉంటుంది, అది కొందరికి పడదు. పెళ్లి పొద్దున కళ్లు వాచాక తెలిస్తే ఎవరేం చేయగలరు?

ఇంకో మాట గట్టిగా చెప్పండి. కొత్త ఫేషియల్, బ్లీచ్ ఏవైనా వారం లోపల వద్దు. త్రెడింగ్ మూడు రోజుల ముందే అయిపోవాలి. త్రెడింగ్ చేసిన పచ్చి చర్మం మీద ఫౌండేషన్ మండుతుంది, పైగా పొక్కులు లేస్తాయి.

## 2. కిట్: తక్కువ కొనండి, సరైనవి కొనండి

నలభై షేడ్ల ఫౌండేషన్లు అక్కర్లేదు. తెలుపు వైపు ఒకటి, చామనఛాయకు రెండు, ముదురు ఛాయకు ఒకటి ఉంటే కలుపుకుని దాదాపు అందరికీ సరిపెట్టొచ్చు. నారింజ, పీచ్ రంగు కరెక్టర్లు మాత్రం తప్పనిసరి. మన చర్మాలకు అవి లేనిదే కళ్ల కింద నలుపు, నోటి చుట్టూ నలుపు దాగవు.

- బ్రష్షులు పది చాలు: ఫౌండేషన్‌కు ఒకటి, పౌడర్‌కు ఒకటి, బ్లష్‌కు ఒకటి, కళ్లకు నాలుగు, కనుబొమలకు ఒకటి, పెదాలకు ఒకటి, దులపడానికి విసనకర్ర ఆకారంది ఒకటి
- స్టీల్ ప్లేటు, స్పాచులా (క్రీము తీసే చదును పుల్ల)
- మనిషికొకటి చొప్పున కొత్త స్పాంజులు
- ఒకసారి వాడి పారేసే మస్కారా పుల్లలు, దూది పుల్లలు, టిష్యూలు
- చార్జింగ్ ఎల్‌ఈడీ లైటు. ఫంక్షన్ హాలు గదుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు

దూది పుల్లలు, టిష్యూలు, యూ పిన్నులు హైదరాబాద్ బేగంబజార్ లాంటి హోల్‌సేల్ వీధిలో కొనుక్కోండి, లాభమే. మొహానికి, కంటికి తగిలేవి మాత్రం బిల్లు ఇచ్చే చోటే కొనాలి. డబ్బా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి. తెరిచిన మూత బొమ్మలో "6ఎం", "12ఎం" అని ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని అర్థం. తెరిచిన తేదీ చిన్న చీటీ మీద రాసి డబ్బాకు అంటించండి.

## 3. శుభ్రత

ఫౌండేషన్ డబ్బాలో బ్రష్ ముంచకూడదు. స్పాచులాతో తీసి ప్లేటు మీద వేసుకోవాలి, అక్కడి నుంచే మొహానికి. లిప్‌స్టిక్‌కూ ఇదే పద్ధతి. కాటుక పెన్సిల్‌ను ప్రతి మనిషికీ ముందు చెక్కి, కొన మీద స్పిరిట్ కొట్టి ఆరనివ్వాలి.

స్పిరిట్ అంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 99 శాతంది ఇంకా మేలనుకుంటారు, కానీ అది తొందరగా ఆవిరైపోతుంది. 70 శాతందానిలో ఉండే నీళ్ల వల్ల క్రిములు బాగా చస్తాయి.

బ్రష్షులు బేబీ షాంపూతో కడిగి, వెంట్రుకల వైపు కిందికి వంచి గానీ పడుకోబెట్టి గానీ ఆరబెట్టండి. నిలబెడితే నీళ్లు పిడిలోకి దిగి జిగురు ఊడుతుంది, నెల తిరక్కుండానే బ్రష్ జుట్టు రాల్చడం మొదలుపెడుతుంది.

## 4. షేడ్ చూడటం: అందరూ తప్పేది ఇక్కడే

మణికట్టు మీద చూడకండి. దవడ అంచున, మెడకు ఆనుకుని మూడు గీతలు గీయండి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. కనబడకుండా కలిసిపోయిన గీతే ఆమె షేడ్.

అక్కడితో ఆగకండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి ఒక షేడ్ ముదురుతాయి. అప్పుడు కనిపించేదే మండపంలో కనిపించే రంగు.

మన అమ్మాయిల్లో చాలామందికి నుదురు, నోటి చుట్టూ ముదురుగా, బుగ్గలు లేతగా ఉంటాయి. బుగ్గకు సరిపెడితే మెడ నల్లగా కనబడుతుంది. అందుకే ఛాతీ పై భాగం, మెడ, దవడ మూడూ చూసి మధ్యస్థంగా ఎంచుకోవాలి.

"రెండు షేడ్లు తెల్లగా వెయ్యమ్మా" అని పెళ్లికూతురి అమ్మగారో మేనత్తో తప్పకుండా అంటారు. వాదించకండి. ట్రయల్ రోజు సగం మొహం అసలు షేడ్‌తో, సగం వాళ్లడిగిన షేడ్‌తో వేసి, ఫ్లాష్ వేసి ఫోటో తీసి చూపించండి. తెల్లగా వేసిన సగం బూడిద రాసినట్టు వస్తుంది. ఆ ఫోటో చూశాక నాతో మళ్లీ ఆ మాట అన్నవాళ్లు తక్కువ.

ఫ్లాష్ సంగతి నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదటి ఏడాదిలో ఒక రాత్రి రిసెప్షన్. అద్దంలో అంతా బాగుంది. ఫోటోగ్రాఫర్ కెమెరా నా వైపు తిప్పి ఏమీ అనకుండా నిలబడ్డాడు. మొహం బియ్యప్పిండి చల్లినట్టు ఉంది, కళ్ల కింద రెండు తెల్లటి అర్ధచంద్రాలు. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసి, దాని మీద సిలికా పౌడర్ దట్టించాను. ఆ రెండూ ఫ్లాష్ వెలుతురును కెమెరాలోకే తిప్పికొడతాయి. రాత్రి ఫోటోలకు అలాంటి సన్‌స్క్రీన్ వద్దు, పౌడర్ ఉండీ లేనట్టు వేయాలి. ప్రతి పెళ్లికూతుర్నీ గది దాటించే ముందు నా ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీస్తాను, ఇప్పటికీ.

## 5. సమయం లెక్క

ముహూర్తాన్ని బట్టి లెక్కేస్తే ఆలస్యమైనట్టే. ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం. అమ్మాయి అంతకు చాలా ముందే గౌరీ పూజకు కూర్చోవాలి. ముహూర్తం 5:48 అనుకుందాం. వెనక్కి లెక్కపెట్టండి:

- 4:45 గౌరీ పూజ
- 4:25 విడి ఫోటోలు
- 3:25 చీర, నగలు, పూలజడ
- 2:10 మేకప్
- 1:50 చర్మం సిద్ధం చేయడం

అంటే రాత్రి 1:50కి అమ్మాయి తల ఆరి, జాకెట్టు లంగా వేసుకుని మీ కుర్చీలో ఉండాలి. పైన ముందువైపు తెరుచుకునే చొక్కా ఏదైనా ఉండాలి. తల మీంచి తీసేది అయితే మేకప్ దానికే అంటుకుంటుంది. మంగళస్నానం మూడు గంటలకు పెట్టుకుంటామని ఇంట్లోవాళ్లంటే ఈ చీటీ వాళ్ల ముందు పెట్టండి, ట్రయల్ రోజే.

## 6. పసుపు వదిలించి, చర్మం సిద్ధం చేయడం

నలుగు పెట్టిన మొహం రంగు అసలు రంగు కాదు. దాని మీద మీరు చూసిపెట్టుకున్న షేడ్ కుదరదు. సబ్బుతో రుద్దితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి చేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పసుపు రంగు నూనెలో కరుగుతుంది కాబట్టి క్లెన్సింగ్ బామ్ గానీ ఆయిల్ గానీ రాసి, నిమిషం వేళ్లతో మెల్లగా తిప్పి, తడి గుడ్డతో తీయండి. చెవుల వెనక, జుట్టు మొదళ్ల దగ్గర, ముక్కు పక్కన పసుపు నిలిచిపోతుంది, అక్కడ దూది పుల్ల వాడండి.

తర్వాత మామూలు ఫేస్‌వాష్. ఆపైన పల్చటి మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు వదిలేయండి. ఆ సమయంలో పెదాలకు బామ్ పూసి, కనుబొమలు దువ్వి ఉంచండి. జిడ్డు మొహమైతే ఐసు ముక్కను గుడ్డలో చుట్టి అద్దండి.

ప్రైమర్ (ఫౌండేషన్ పట్టడానికి దానికంటే ముందు రాసేది) ముక్కు పక్కన, నుదుటి మీద, గడ్డం దగ్గర మాత్రమే. సిలికాన్ ప్రైమర్ మీద నీళ్ల ఫౌండేషన్ వేస్తే అది ఉండలు ఉండలుగా రాలుతుంది. రెండూ ఒకే జాతివి ఉండాలి. చేతి మీద కలిపి చూస్తే ముందే తెలిసిపోతుంది.

## 7. వేసే వరుస

1. ముందు కళ్లు. ముదురు ఐషాడో, గ్లిట్టర్ బుగ్గల మీద రాలతాయి. ఫౌండేషన్ వేయకముందైతే తుడిచేస్తే పోతుంది. రెప్ప మీద కన్సీలర్ (మచ్చలు దాచే క్రీము) పల్చగా వేసి, లేత గోధుమ రంగు, ముడతలో ముదురు రంగు, మధ్యలో చీర అంచు రంగు లేదా బంగారు రంగు.

2. ఐలైనర్. రెండు కళ్లకూ తోక చివరి చుక్కలు ముందు పెట్టండి, అమ్మాయి నేరుగా అద్దంలోకి చూస్తుండగా. చుక్కలు సమంగా ఉన్నాయనుకున్నాకే కలపండి. ఒక కన్ను పూర్తిచేసి రెండోది మొదలుపెడితే ఎప్పటికీ సరిపోవు.

3. కరెక్టర్. బియ్యపు గింజంత చాలు. నల్లగా ఉన్నచోటే అద్దాలి. ముదురు ఛాయకు నారింజ, లేత ఛాయకు పీచ్. ఫౌండేషన్ వేశాక కూడా నారింజ కనబడుతోందంటే ఎక్కువైందన్నమాట.

4. ఫౌండేషన్. మొహం మొత్తానికి రెండు శనగ గింజలంత. రుద్దకండి. బ్రష్‌తో పొడుస్తున్నట్టు అద్దుతూ ముక్కు పక్క నుంచి బయటికి వెళ్లండి. తర్వాత తడిపి గట్టిగా పిండిన స్పాంజ్‌తో మొహమంతా నొక్కండి. సరిపోలేదనిపిస్తే ఆ చోటే రెండో పొర. కరెక్టర్ వేసిన చోట అద్దాలే కానీ లాగితే కింది రంగు కదిలి వస్తుంది.

5. మెడ, చెవులు, వీపు. జాకెట్టు వెనక మెడ లోతుగా ఉంటుంది, జడ మీద, వీపు మీద ఫోటోలు తీస్తారు. చెవులు వదిలేస్తే బుట్టల వెనక ఎర్రగానో నల్లగానో కనబడతాయి. మెడకు మాత్రం చాలా పల్చగా వేసి పౌడర్ అద్దండి, ఎందుకో ఎనిమిదో భాగంలో చెబుతాను.

6. కన్సీలర్, క్రీమ్ కాంటూర్ (మొహం ఆకారం తీర్చే ముదురు రంగు), క్రీమ్ బ్లష్. క్రీములన్నీ పౌడర్ కంటే ముందే. పౌడర్ మీద క్రీమ్ వేస్తే మచ్చలు కడుతుంది. ఇవయ్యాక ఒకసారి సెట్టింగ్ స్ప్రే (మేకప్ నిలవడానికి కొట్టేది) కొట్టి ఆరనివ్వండి.

7. పౌడర్. కళ్ల కింద వేసేముందు అమ్మాయిని పైకి చూడమని, పడిన గీతలను వేలితో సాపుచేసి, వెంటనే పౌడర్ నొక్కండి. ఆలస్యమైతే ఆ గీతల్లోనే కన్సీలర్ గడ్డకడుతుంది.

8. పౌడర్ బ్లష్, కనుబొమలు. బ్లష్ మామూలుగా వేసేదానికంటే కాస్త ఎక్కువే. మండపం లైట్లు రంగును మింగేస్తాయి.

9. లాషెస్, కాటుక. లాషెస్‌ను కంటికి పెట్టి కొలిచి, బయటి చివర కత్తిరించండి. జిగురు రాసి అరనిమిషం ఆగితే పట్టు వస్తుంది. కాటుక పెట్టేముందు కంటి అంచు తడిని దూది పుల్లతో అద్దాలి, పెట్టాక కింద గోధుమ రంగు ఐషాడో సన్నగా పూయాలి. కింది రెప్ప వెంట్రుకలకు మస్కారా నేను వేయను. హోమం పొగకు మొదట కారేది అదే.

10. పెదాలు. బామ్ తుడిచేసి, లైనర్‌తో పెదవంతా నింపి, లిప్‌స్టిక్ వేసి, టిష్యూ అద్ది, మళ్లీ ఒకసారి. చివరన మొహమంతా సెట్టింగ్ స్ప్రే.

ఈ వరుసలో కన్ను, మొహం ఏది ముందన్నది కొందరు మార్చుకుంటారు. క్రీము ముందు, పౌడరు తర్వాత అన్నది మాత్రం మారదు.

## 8. బొట్టు, బాసికం, మెడ, మాడు

బొట్టు. పౌడర్ మీద స్టిక్కర్ నిలవదు. బొట్టు పెట్టే చోట స్పిరిట్ తగిలించిన దూది పుల్లతో పౌడర్ తుడిచి అప్పుడు అంటించండి. కల్యాణ తిలకం, బుగ్గచుక్క స్ప్రే ఆరాకే దిద్దాలి, తడి మీద దిద్దితే చెదురుతాయి.

బాసికం. నుదుటి మీద అచ్చు పడేది దీనివల్లే. నుదుటికి ఫౌండేషన్ మిగతా మొహం కంటే తక్కువ, పౌడర్ కొంచెం ఎక్కువ. దారం కణతల దగ్గర ఒరుసుకుంటుంది, అక్కడ కాంటూర్ దట్టంగా వద్దు.

మెడ. మధుపర్కాలు తెల్లవి. మెడ మీద మందంగా వేస్తే మొదటి మరక వాటి మీదే. పసుపుతాడు కట్టేటప్పుడూ చేతులన్నీ అక్కడే తగులుతాయి.

మాడు. జుట్టు చేసేవాళ్లు వేరే మనిషైతే చెప్పి ఉంచండి: నడినెత్తిన జీలకర్ర బెల్లం నిలిచేంత చదును వదలాలి. ఎత్తుగా పఫ్ కడితే ముద్ద జారి నుదుటి మీదికి వస్తుంది. పాపిడి బిళ్ల కూడా ఆ చోటును కప్పకూడదు.

## 9. మండపం పక్కన మీ పని

మేకప్ అయ్యాక కిట్ సర్దుకుని వెళ్లిపోయేవాళ్లను చూశాను. వెళ్లకండి, కనీసం తలంబ్రాలయ్యే దాకా. ఒక చిన్న సంచి చంకకు తగిలించుకుని ఫోటోగ్రాఫర్ వెనకాల నిలబడండి.

- కుంకుమ ముక్కు మీద రాలితే: వేలితో తుడవద్దు, ఎర్రటి గీత అవుతుంది. విసనకర్ర బ్రష్‌తో పొడిగా దులపండి. ఎక్కువసార్లు చేయాల్సిన పని ఇదే.
- చెమట: టిష్యూ అద్ది ఎత్తాలి. తడి మీద పౌడర్ వేస్తే ముద్ద కడుతుంది.
- తలంబ్రాలు: పసుపు బియ్యం కాస్త తడిగా ఉంటాయి. రెప్పల మీద, జాకెట్టు మెడలో ఇరుక్కుంటాయి. లాషెస్ లోపలి మూల లేచిందేమో చూసి, పుల్ల కొనతో చుక్క జిగురు పెట్టండి.
- హోమం పొగ: కళ్లు నలపొద్దని అమ్మాయికి ముందే చెప్పి ఉంచాలి. మడిచిన టిష్యూ అంచును కింది రెప్ప దగ్గర ఆనిస్తే నీళ్లు అదే పీల్చుకుంటుంది.
- అప్పగింతలు: అప్పుడు మీరు దగ్గరికి వెళ్లకండి. టిష్యూలు ముందే అక్క చేతికో పిన్ని చేతికో ఇచ్చి, "తుడవొద్దు, అద్దండి" అని చూపించండి.

## 10. చెడితే సరిదిద్దడం

- అట్టకట్టినట్టు ఉంటే: స్ప్రే కొట్టి తడి స్పాంజ్‌తో నొక్కండి. పైన ఇంకో పొర వేయడమే పెద్ద తప్పు.
- బూడిద రంగు వస్తే: మొత్తం తుడవనక్కర్లేదు. చుక్క నారింజ కరెక్టర్, ముదురు ఫౌండేషన్ కలిపి పల్చగా దవడ నుంచి లోపలికి అద్దండి.
- ఐలైనర్ హెచ్చుతగ్గులైతే: లావుగా ఉన్నదాన్ని, మేకప్ తుడిచే మైసెల్లార్ నీళ్లలో ముంచిన దూది పుల్లతో సన్నం చేయండి. సన్నగా ఉన్నదాన్ని లావు చేస్తూ పోతే రెండు కళ్లూ నల్లబడతాయి.
- బ్లష్ ఎక్కువైతే: ఫౌండేషన్ అంటి ఉన్న అదే స్పాంజ్‌తో పైన నొక్కండి.
- మొటిమ మీద మేకప్ నిలవకపోతే: సన్నటి బ్రష్‌తో కన్సీలర్ చుక్క, పౌడర్, మళ్లీ చుక్క, మళ్లీ పౌడర్.

## 11. పెళ్లి ఒప్పుకునే ముందు సాధన

ఒకే చెల్లెలి మొహం మీద నెలలు నేర్చుకుంటే ఆ మొహమే వస్తుంది. అమ్మ, పక్కింటి ఆంటీ, జిడ్డు మొహం, పొడి మొహం, లోపలికి ఉన్న కళ్లు, రెప్ప ముడత కనబడని కళ్లు ఇలా ఇరవై మొహాలైనా వేయండి.

బాగా పనికొచ్చే అభ్యాసం ఒకటి చెబుతాను. పని తెలిసినవాళ్ల చేత సగం మొహం వేయించుకుని, రెండో సగం మీరు అచ్చు అలాగే వేయండి. ఎక్కడ తేలిపోతున్నారో అద్దమే చూపిస్తుంది.

ప్రతి మొహానికీ నాలుగు ఫోటోలు: కిటికీ వెలుతురులో, గది లైటు కింద, ఫ్లాష్‌తో, నాలుగు గంటలయ్యాక. చివరి ఫోటో తీయకపోతే ఆ రోజు సాధన లెక్కలోకి రాదు. నోటుబుక్కులో ఏ షేడ్లు ఏ పాళ్లలో కలిపారో, ఎక్కడ చెదిరిందో రాయండి.

నాలుగో ఫోటో నలుగురైదుగురికి వరసగా బాగా వచ్చిందంటే, సీనియర్ ఎవరికైనా సహాయంగా రెండు మూడు ముహూర్తాలకు వెళ్లండి. అక్కడ బ్రష్ మీ చేతికి ఇవ్వరు. పిన్నులు అందించడం, చీర కుచ్చిళ్లు పట్టడం, టిష్యూ పట్టుకుని నిలబడటమే పని. వెళ్లేముందు ఐదో భాగంలోని సమయం చీటీ రాసుకుని వెళ్లి, ఏది ఎన్నింటికి జరిగిందో పక్కన వేసుకురండి. మీ మొదటి పెళ్లికి ఆ చీటీయే లెక్క.